రెండో కోత

రెండోసారి అడగటానికి ఆ ఇంట్లో ఎవరూ సిగ్గుపడలేదు.

అడిగింది తల్లి అచ్చియ్యమ్మ. అదీ ఫోన్లో. నూకరత్నం అప్పుడు అనకాపల్లి బస్సు డిపోలో పాసుల కౌంటరు దగ్గర కూర్చుని కాలేజీ పిల్లల కార్డుల మీద ముద్రలు వేస్తోంది. "ఒలే రత్నం, అన్నియ్య కళ్ళు మళ్ళీ పచ్చబడిపోనాయి. కాలేయం మళ్ళీ మార్సాలంటన్నారు డాక్టర్లు. నువ్వు సెలవెట్టేసి బేగి వచ్చీ," అంది అచ్చియ్యమ్మ, పెరట్లో కాసిన ఆనపకాయ కోసుకురమ్మన్నంత తేలిగ్గా.

"నేనెందుకే?" అంది రత్నం, సంగతి అర్థమైపోయినా.

"ఎందుకేటి? నీకు పెరుగుతాది కదా."

కౌంటరు అవతల నిలబడ్డ అమ్మాయి తన కార్డు కోసం చెయ్యి చాపింది. రత్నం ఆ అమ్మాయి మీద కసురుకుంది. తప్పు ఆ అమ్మాయిది కాదని తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టయిందనీ తెలుసు. అయినా ఆ పూట ఎవరో ఒకరి మీద కసరకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు.

"నీకు పెరుగుతాది" అన్న మాట రెండేళ్ళ కిందట ఎవరి నోటా వచ్చేది కాదు. కాలేయంలో సగానికి పైగా కోసి ఇచ్చినా మిగిలింది పెరుగుతుందని డాక్టర్లకు ఏనాటినుంచో తెలుసు. కానీ ఆ పెరగటానికి నెలలు పట్టేది. పెరిగినా పాత ఆకారం వచ్చేది కాదు. దాన్ని మళ్ళీ కోయటమంటే మనిషిని చేజేతులా చంపుకోవటమే. అందుకని ఎవరైనా ఒక్కసారే ఇవ్వగలరు అనేవారు. ఆ "ఒక్కసారే" అన్న మాట ఆడవాళ్ళ నెత్తిన ఎంత పెద్ద గొడుగో, ఎగిరిపోయాక గానీ తెలిసిరాలేదు.

దాన్ని ఎగరగొట్టింది డాక్టర్ ఇందుమతి. విశాఖపట్నంలో ఆవిడకొక పరిశోధనశాల, దాన్ని ఆనుకుని చిన్న వార్డు ఉన్నాయి. కాలేయం ఇచ్చినవాళ్ళు నెలల తరబడి నీరసంతో తీసుకోవటం చూసి, వాళ్ళు త్వరగా లేచి తిరగాలని ఆవిడ ఒక మందు తయారుచేసింది. నర్సులు దాన్ని మొలక మందు అనేవారు. ఆ మందును మనుషుల్లో మొట్టమొదట ఎక్కించుకున్నది రత్నమే.

అన్న పైడిరాజు బెల్లం వ్యాపారి. చుక్క ముట్టనివాడు. షుగరు జబ్బూ, ఒంట్లో కొవ్వూ, కొట్టులో కూర్చుని చేసే వ్యాపారమూ కలిసి అతని కాలేయాన్ని రాయి చేశాయి. చనిపోయినవాళ్ళ కాలేయం కోసం పేరు నమోదు చేయిస్తే ముందు వరసలో ఎందరో ఉన్నారు. భార్య ఏనాడో పోయింది. తల్లికి వయసు దాటింది. కొడుకు భార్గవ్‌దీ, కూతురు తనూజదీ తండ్రి రక్తమే, కానీ అప్పటికి వాళ్ళు చదువుకునే పిల్లలన్నారు. మిగిలింది రత్నం. మొగుడితో తెగతెంపులు చేసుకుని అప్పట్లో బస్సు కండక్టరుగా తన బతుకు తను బతుకుతోంది. పిల్లల్లేరు. "ఒంటికాయ సొంటికొమ్మువి, నీకేటి బెంగ?" అంది తల్లి.

అప్పుడు మాత్రం రత్నం మనస్ఫూర్తిగానే ఇచ్చింది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ ఇందుమతి ఆమెను గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి తలుపు వేసింది. "ఇష్టం లేకపోతే నాతో చెప్పండి. మీ కాలేయం ఆయనకు సరిపోలేదని ఇంట్లోవాళ్ళకు మేమే చెప్తాం. అసలు సంగతి ఈ గది దాటదు," అంది. ఆ ఆసుపత్రిలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కాదనలేని ఆడవాళ్ళ తరఫున డాక్టర్లు ఒక అబద్ధం ఆడేవారు. రత్నం నవ్వి, "నాకు అబద్ధం అక్కర్లేదు డాక్టర్ గారూ, మా అన్నియ్యే కదా," అంది. తన నోటితో తనే అంది ఆ మాట. తరవాత తలుచుకున్నప్పుడల్లా నాలుక కరుచుకుంది.

ఆపరేషన్ అయిన మర్నాటినుంచి రోజుకొక సూది. రోజూ పొద్దున్నే పొట్ట మీద చల్లటి జెల్లు రాసి తెర మీద బొమ్మ చూసేవారు. కోసిన చోట అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ, ఇందుమతి కళ్ళముందే కాలేయం పెరిగింది. ఆవిడ తెరను రత్నం వైపు తిప్పి చూపించేది. రత్నానికి తెర మీద కంటే పళ్ళెం మీదే ధ్యాస. అదేం ఆకలో, డజను ఇడ్లీలు తిన్నా ఆగేది కాదు. పక్క మంచం మనిషి వదిలేసిన అన్నం కూడా అడిగి తినేది. అలా తింటూనే చిక్కిపోయింది. పది రోజులకల్లా కాలేయం నిండుగా, పాత ఆకారంలోనే తయారైంది. పత్రికలవాళ్ళు వచ్చి ఫొటో తీశారు. ఫొటోలో రత్నం కుర్చీలో కూర్చుని ఉంటుంది. నిలబడలేకపోయిందని కింద ఎవరూ రాయలేదు.

ఆ వార్డులో ఇచ్చినవాళ్ళ మంచాలన్నీ ఒకవైపు, పుచ్చుకున్నవాళ్ళవి రెండోవైపు ఉండేవి. ఒకవైపు అందరూ పెళ్ళాలూ తల్లులూ అక్కచెల్లెళ్ళూ, రెండోవైపు అందరూ మగమహారాజులు. పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ విడివిడిగా కూర్చున్నట్టే ఉందని రత్నం అంటే, నర్సులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంటికి వచ్చాక కాళ్ళ సంగతి బయటపడింది. బస్సు మెట్టు ఎక్కబోతే తొడలు వణికి కూలబడింది. కిక్కిరిసిన బస్సులో జనాన్ని తోసుకుంటూ, మాడుగుల దాకా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి, చీర కట్టుకోవటానికి గోడ ఆసరా వెతుక్కునే గతికి వచ్చింది. తొడల్లో కండ కరిగి ఎముకకు చర్మం అంటుకుంది. అధికారులు జాలిపడి పాసుల కౌంటరుకు మార్చారు. అచ్చియ్యమ్మ మాత్రం, "కూకొని జీతం తీసుకుంటాంది, దీనికి కాళ్ళ నొప్పులొకటి," అని ఇరుగుపొరుగుతో అనేది.

ఆదివారం రత్నం గవరపాలెంలోని అన్న ఇంటికి వెళ్ళింది. సెలవు పెట్టి కాదు, వారపు సెలవు గనక. పైడిరాజు హాల్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. ముఖం పసుపు ముద్ద. పొట్ట ఉబ్బింది. అతన్ని చూస్తే జాలి కలగకుండా ఉండదు. రత్నానికీ కలిగింది. ఆ జాలి మీదే ఆమెకు కోపం.

"నీకు కష్టమైతే ఒద్దులే సెల్లీ," అన్నాడు పైడిరాజు కళ్ళు మూసుకుని.

ఆ మాట వెనక ఏముందో తెలియనంత అమాయకురాలు కాదు రత్నం. వద్దనేవాడు కళ్ళు తెరిచి అంటాడు. కళ్ళు మూసుకుని వద్దన్నవాడు ఎదుటివాళ్ళు ఇస్తానని బతిమాలాలని చూస్తాడు.

అచ్చియ్యమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. ఇంత మర్యాద ఆ ఇంట్లో ఆమెకు ఏనాడూ జరగలేదు. "సెరుకు నరికేసినాక దుబ్బు ఊరుకుంటాదేటి? మళ్ళీ పిలకేసి కార్శి లేస్తాది. దుక్కి లేదు, విత్తనం లేదు, ఊరకే వచ్చీ పంట. నీకు ఆ డాక్టరమ్మ మందు అలాటిదేనే," అంది.

"కార్శి తోటకి ఎరువు ఎక్కువెయ్యాలే అమ్మా. నాకేటేసినారు?"

"తల్లితో అనే మాటలేనా అవి?"

"కూతుర్ని దుబ్బు అన్నావు. అది అనే మాటేనా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ తనూజ మేనత్త కేసి చూసి తల దించుకుంది. పరీక్షలన్నీ అయిపోయి బ్యాంకు ఉద్యోగానికి ఎదురుచూస్తున్న భార్గవ్ మేడ మీద గదిలో ఉన్నాడు. వాణ్ని కిందికి రమ్మని పిలిచినవాళ్ళు లేరు.

బుధవారం రత్నం విశాఖపట్నం వెళ్ళింది. పరీక్షలకు రమ్మని ఆసుపత్రివాళ్ళు పిలిచారు. ఇందుమతి తెర మీదికి బొమ్మ తెచ్చింది. శిల్పి తన చేతిపనిని చూసుకున్నంత ముచ్చటగా చూసింది. అది రత్నం గమనించింది.

"చాలా బాగుంది రత్నం గారూ. ఎక్కడా మచ్చ లేదు."

"మరి నేనిచ్చిన ముక్క అంత వేగం ఎలా పాడైంది? బంగారంలా పనిచేస్తోందని మొన్నటిదాకా మీరే అన్నారు కదా."

ఇందుమతి తెర ఆపేసింది. "ముక్క పరీక్ష చేశాం. ఏదో ఆకు విషం. ఒకసారి తాగింది కాదు, చాలాకాలంగా లోపలికి వెళ్తోంది. నాటు మందులు ముట్టుకోవద్దని నేను మీ ఇంట్లో అందరికీ చెప్పాను."

రత్నానికి వెంటనే తట్టింది. కామెర్ల పసరు. కొండ దిగువ ఊళ్ళో ఒకాయన తెల్లవారకుండా ఆకులు నూరి పిండి మజ్జిగలో పోసి ఇస్తాడు. ఆ ప్రాంతంలో కళ్ళు పచ్చబడ్డాయంటే ముందు వెళ్ళేది ఆయన దగ్గరికే. అచ్చియ్యమ్మ ఇంకో ఆకు ఎక్కువ చదివింది. కామెర్లు తగ్గాక కూడా, కొత్త కాలేయానికి దిష్టి తగలకుండా, జబ్బు తిరగబెట్టకుండా, వారం వారం తెప్పించి కొడుకు చేత తాగించింది. ప్రేమతోనే తాగించింది. రత్నం కడుపులోంచి కోసి ఇచ్చిన ముక్కను రెండేళ్ళపాటు గుక్కెడు గుక్కెడుగా చంపింది. సంగతి విన్న రత్నానికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

"ఇప్పుడు మళ్ళీ ఇస్తే నాకేమవుతుంది?"

"కాలేయం పెరుగుతుంది. అందులో అనుమానం లేదు."

"నేను కాలేయం సంగతి అడగలేదు డాక్టర్ గారూ. అది గాలి పీల్చి పెరగలేదు. నా తొడలు తిని పెరిగింది. ఈసారి ఏం తింటుంది?"

ఇందుమతి చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. "ఒంట్లో కండ ఎక్కడుంటే అక్కడినుంచి తీసుకుంటుంది. మీ కాళ్ళలో ఇంక పెద్దగా లేదు." కొంచెం ఆగి, "గుండె కూడా కండే," అంది.

"నా కాళ్ళు చిక్కిపోతున్నాయని అప్పుడే చెప్పాను."

"చెప్పారు. ఆపరేషన్ నీరసం అనుకున్నాం. రోజూ కాలేయాన్ని కొలిచాం. కాళ్ళను కొలవలేదు." ఆవిడ గొంతు తగ్గింది. "ఇచ్చినవాళ్ళు త్వరగా కోలుకోవాలనే ఈ మందు చేశానండీ. మళ్ళీ మళ్ళీ కోయటానికి కాదు."

"మీరు ఎందుకు చేశారో మా అమ్మకు అక్కర్లేదు. ఇదివరకు ఒక్కసారి ఇచ్చిన మనిషి జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. మీరు కంచె పీకేశారు. పశువులు పడ్డాయని ఇప్పుడు బాధపడితే ఏం లాభం?"

ఇందుమతి ఆ మాట పడింది. తలుపు వేసి వచ్చి, పాత పద్ధతి ప్రకారం ఎదురుగా కూర్చుంది. "ఇష్టం లేకపోతే చెప్పండి. రెండేళ్ళ తరవాత మీ కాలేయం చెడిందని, మందు విఫలమైందని మీవాళ్ళకు చెప్తాను. వాళ్ళు బయట చెప్పుకుంటారు. నా పదేళ్ళ పని పోతుంది. పోనివ్వండి."

ఆ క్షణంలో రత్నానికి ఆవిడ మీద కోపం సగం పోయింది. ఊఁ అంటే చాలు. తల్లి తిట్టదు, అన్న నిష్ఠూరమాడడు. పైగా అయ్యో అంటారు. ఊఁ అనబోయి, ఎందుకో అడిగింది: "నాది పనికిరాదంటే, తరవాత ఎవర్ని చూస్తారు?"

ఇందుమతి బల్ల మీది కాగితాలు సర్దింది.

"ఎవరండీ?"

"తనూజను. పొద్దున్నే మీ అమ్మగారు తీసుకొచ్చారు. రక్తం తీశాం. గదిలో ఒంటరిగా అడిగాను. ఇష్టమే అంది."

"ఎలా అంది?"

"నేల చూస్తూ అంది."

రత్నం కుర్చీ చేతులు బిగించి పట్టుకుంది. ఇరవై ఏళ్ళ పిల్ల. కాలేజీలో కబడ్డీ ఆడే పిల్ల. తను ఈ గదిలో అబద్ధం అరువు తీసుకుని తప్పుకుంటే, ఆ అబద్ధం తనొక్కదాన్నే కాపాడుతుంది. దాని వెనకాల నిలబడ్డ పిల్ల మీద పడతారు. ఈ పిల్లకు ఒక్క కోతతో సరిపెడతారా? అమ్మ ఆ పసరు మానుతుందా? అన్న దాన్ని తాగటం మానుతాడా?

"మా వాళ్ళందర్నీ పిలవండి," అంది రత్నం. "అబద్ధం వద్దు. నాది పాడైందని చెప్పొద్దు. నేనే చెప్తాను."

మధ్యాహ్నానికి అందరూ చేరారు. పైడిరాజును చక్రాల కుర్చీలో తెచ్చారు. అచ్చియ్యమ్మ అతని పక్కనే నిలబడి నుదుటి మీద చెమట కొంగుతో అద్దుతోంది. తనూజ గోడకు ఆనుకుంది. కారు తోలుకొచ్చిన భార్గవ్ తాళాలు చేత్తో ఆడిస్తూ గుమ్మంలోనే ఆగాడు.

"నా కాలేయం బాగుంది," అంది రత్నం. "మొదట ఎలా ఉందో అలాగే ఉంది. నేను ఇవ్వను."

అచ్చియ్యమ్మకు మొదట అర్థం కాలేదు. "బాగుంటే ఇయ్యవేటే?"

"ఇవ్వను. నా కాళ్ళు పోనాయి. ఈసారి గుండె పోతాదంట. పోకపోయినా ఇవ్వను. నా ఒళ్ళు నాది."

"ఆడు సచ్చిపోతాడే."

"తెలుసు."

"తెలిసి కూడా ఇయ్యనంటావా? నువ్వు నా కడుపున పుట్టినదానివేనా? ఆడు పోతే ఆ పాపం నీకే సుట్టుకుంటాది. నీ గుమ్మం తొక్కను. నీకు తలకొరివి పెట్టీవోడు కూడా ఉండడు."

"లేకపోతే లేదు. నా పాపం నేను మోస్తాను. మరి పసరు పోసినోళ్ళ పాపం ఎవరు మోస్తారే?"

అచ్చియ్యమ్మ ముఖం పాలిపోయింది. జవాబు కుర్చీలోంచి వచ్చింది. "అమ్మననకు రత్నం. తాగింది నాను."

"డాక్టర్ గారు వద్దన్నారు కదా. ఎందుకు తాగినావు?"

పైడిరాజు తల్లి కొంగు కేసి చూశాడు. "ఒద్దంటే అమ్మ ఏడుస్తాదని," అన్నాడు.

రత్నానికి పెద్దగా అరవాలనిపించింది. ఒద్దు అన్న ఒక్క ముక్క నోట రాక ఈ మనిషి తన చావు తను గ్లాసుతో తాగాడు. చెల్లెలు కోసి ఇచ్చిందీ దానితో పాటే తాగాడు. ఇప్పుడు ఆ లోటు పూడ్చటానికి ఇంట్లో ఆడపిల్ల ఒళ్ళు కావాలి.

అచ్చియ్యమ్మ తేరుకుంది. "పోనీలే బాబూ, అది రాయి. నా తనూజ ఉంది. బంగారు తల్లి, నాన్నని వదిలేస్తాదేటి?" అంటూ మనవరాలి భుజం మీద చెయ్యి వేసింది.

తనూజ మేనత్త కేసి చూసింది. రత్నం ఇవ్వమనలేదు, వద్దనలేదు. "నీ ఇష్టమే తల్లీ. ఏ మాటైనా తలెత్తి చెప్పు, చాలు," అంది.

ఆ పిల్ల తలెత్తటానికి చాలాసేపు పట్టింది. "నాన్నా, పొద్దున్న ఇష్టమే అన్నాను గానీ, నాకు ఇష్టం లేదు. అత్త కాళ్ళు చూశాను. నాకు భయమేస్తోంది. నేను ఇవ్వలేను."

అచ్చియ్యమ్మ చెయ్యెత్తింది. అది మనవరాలి చెంప మీద పడేలోపు రత్నం పట్టుకుంది. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను రెక్క పుచ్చుకుని లోపలికి లాగిన చెయ్యి అది. కాళ్ళలో బలం పోయినా చేతుల్లో ఇంకా ఉంది. ముసలామె విడిపించుకోలేకపోయింది.

పైడిరాజు కళ్ళవెంట నీళ్ళు కారాయి. బతకాలన్న ఆశ అతని ముఖం మీద అందరికీ కనపడుతోంది, దాన్ని దాచుకునే ఓపిక కూడా అతనికి లేదు. కూతుర్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు. ఆ తరవాత అతని చూపు గుమ్మం వైపు వెళ్ళింది.

"అమ్మా," అన్నాడు. "భార్గవ్‌ని అడుగు."

"ఆడెందుకురా?" అంది అచ్చియ్యమ్మ ఉలిక్కిపడి. "మగపిల్లోడు. రేపో మాపో ఉద్యోగంలో సేరీవోడు."

"ఆడిదీ నా రక్తమే కదా. పది రోజుల్లో పెరుగుతాదని నువ్వే అన్నావు. కార్శి అన్నావు. అడుగు."

భార్గవ్ చేతిలో తాళాలు ఆడటం ఆగిపోయింది. ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. వాడి ఇరవై నాలుగేళ్ళ బతుకులో ఇంట్లో ఎవరూ వాణ్ని ఏదీ ఇమ్మని అడగలేదు. ఏం చెప్పాలో తెలియక నాయనమ్మ ముఖం చూశాడు. తనకోసం ఆవిడే ఏదో ఒకటి చెప్తుందని చూశాడు.

రత్నం తను పట్టుకున్న చెయ్యి వదిలేసింది. అచ్చియ్యమ్మ మనవడి దగ్గరికి వెళ్ళలేదు. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ డాక్టర్ ఇందుమతి బల్ల దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడనంత మెల్లగా అడిగింది.

"డాక్టరమ్మా, మా ఓడికి కాళ్ళకేటీ అవదు కదా?"

గదిలో అందరికీ వినపడింది. ఇందుమతి జవాబు చెప్పబోయి, రత్నాన్ని చూసి ఆగిపోయింది. పైడిరాజు కూడా చూశాడు. రెండేళ్ళలో మొదటిసారి, చెల్లెలి ముఖం కాకుండా, ఆమె చీర కుచ్చిళ్ళ వెనక నిలబడటానికి అవస్థపడుతున్న కాళ్ళను చూశాడు.

రత్నం బల్ల పట్టుకుని తల్లి పక్కకు వచ్చి నిలబడింది.

"ఆవిడ కొలవలేదమ్మా, ఆవిడకు తెలీదు," అంది. "నన్నడుగు. నేను సెప్తాను."

అచ్చియ్యమ్మ అడగలేదు.